నా ఇంటర్వ్యూ కోసం ఆగిన మగ్గాలు

ఈ రోజు మధ్యాహ్నం ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ సీటుకు నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ జరిగింది. మగ్గాల పేట ఉధ్నాలో మా అద్దె గది గోడకు అవతలే పవర్‌లూమ్ కార్ఖానా. ఆ చప్పుడులో నా మాట నాకే వినబడదు. ముందుగా వెళ్ళి, అక్కడి మేస్త్రీ రాజమల్లు కాకాను భయపడుతూనే అడిగాను. నేసిన బట్టకే కూలీ దొరికే మనుషులు, అయినా అందరూ మగ్గాలు ఆపేశారు.

"జర ఛాయ్ తాగొస్తం బిడ్డా, నువ్వు మంచిగ చెప్పు" అన్నాడు కాకా.

మొదటి నక్షత్రాలు ఎలా వెలిగాయో పరిశోధిస్తానని అరగంట మాట్లాడాను. చివర్లో సీటు ఇస్తున్నామన్నారు! ఛాయ్ బండి దగ్గరికి పరుగెత్తి సీటు సంగతీ, నా నక్షత్రాల సంగతీ కాకాకు చెప్పాను.

"మొదటి చుక్క పుట్టకముందు ఏముండె బిడ్డా?"

"అంతా చీకటే కాకా. ఉత్త గ్యాస్ ఉండె."

"గంత చీకట్ల ఏమున్నదో మీకెట్ల ఎర్కైతది?"

ఆ గ్యాస్ పంపిన సన్నటి రేడియో తరంగాల కోసం ఇప్పటికీ వెతుకుతున్నామని చెప్పాను. ఇంటర్వ్యూలో ప్రొఫెసర్లూ సరిగ్గా ఇదే అడిగారు. నిజం చెప్పొద్దూ, వాళ్ళ ముందు తడబడ్డాను, కాకాకే బాగా చెప్పాను.

మీ చదువు కోసం తమ పని ఆపుకున్నవాళ్ళు ఎవరు? వాళ్ళ గురించి రాయండి, చదవాలనుంది.