మూడున్నర బస్సుకు వెళ్ళిన సమీక్ష

మా ఊరి రాక్ బ్యాండు బాగా వాయించేది కాదు. ఇన్నేళ్ళయినా ఆ మాట వెనక్కి తీసుకోను. నలుగురు ఉండేవాళ్ళు. పాటలు కట్టే గిటారిస్టు ఒకడు, గిటారు వాయిస్తున్నాడో తుడుస్తున్నాడో తెలియనివాడు ఇంకొకడు, చేతికి అందినదాన్నల్లా బాదే డ్రమ్మరు ఒకడు. నాలుగో మనిషి పాడే అమ్మాయి. ఆ అమ్మాయి నా చెల్లెలు.

ఇల్లందులో అప్పట్లో, అంటే రెండు వేలు దాటిన తొలి ఏళ్ళలో, పాటంటే సినిమా పాట, లేకపోతే చర్చి పాట, లేకపోతే మీటింగుల్లో పాడే పాట. ఈ మూడూ కాని పాట ఒకటి ఉంటుందని, దాన్ని మన పిల్లలే కట్టవచ్చని ఎవరికీ తోచలేదు. తోచినవాళ్ళకు నచ్చలేదు. డ్రమ్మరు వాళ్ళ ఇల్లు బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేది. నైటు షిఫ్టు దిగినవాళ్ళు పగలంతా నిద్రపోయే వాడ అది. అక్కడ పట్టపగలు డ్రమ్సు ప్రాక్టీసు పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. మూడో రోజే పక్కింటాయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, "రాత్రంత బాయిల చచ్చి వచ్చినం. పగలన్న బతకనియ్యరా?" అన్నాడు. అరవలేదు కూడా. అరిచే ఓపిక ఆయనకు మిగల్లేదు.

మకాం చర్చి వెనక గదికి మారింది. డ్రమ్ సెట్టు ఎలాగూ చర్చిదే. అక్కడ పెద్దలు, "ఆరాధనకు కొన్న సామాను మీద గీ గోలేంది?" అన్నారు. పూర్తిగా వద్దనలేదు. పాడే పిల్ల ఆదివారం క్వయర్‌లో ముందు వరసలో నిలబడేది కాబట్టి సర్దుకున్నారు. తరవాత వీళ్ళు ఖమ్మం వెళ్ళి ఎనిమిది పాటలు రికార్డు చేసి క్యాసెట్టు తెచ్చారు. మంగలి షాపులో దాన్ని వేస్తే, గడ్డం గీయించుకుంటున్న మనిషి నురగ మొహంతోనే లేచి, "రీలు నలిగినట్టుంది, చూడు" అన్నాడు. క్యాసెట్ల కొట్టు ఆయన మొహమాటపడి రెండు పెట్టుకుని, వాటి మీద భక్తిపాటలు పేర్చాడు.

వీటన్నిటినీ నేను సంతోషంగా వినేవాణ్ణి. కారణం చెప్పేస్తాను. బ్యాండుకు పాట కావాలంటే నేనూ ఒకటి రాసి ఇచ్చాను. బాయిల్లో పనిచేసేవాళ్ళ కష్టాల మీద, మూడు చరణాలు. గిటారిస్టు చదివి, కాగితం మడిచి, మర్యాదగానే అన్నాడు. "అన్నా, ఇది పాట గాదు. ప్రెస్ నోటు." చెల్లెలు కిసుక్కున నవ్వింది. వాడి మాట మరిచిపోయేవాణ్ణేమో. ఆ నవ్వు మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది.

వాడు అలా అనడానికి కారణం నా పని. నేను ఒక పేపరుకు మా ఊరి విలేకరిని. జిల్లా పేజీలకు వార్తలు రాసి, కవరు మీద 'ప్రెస్' అని రాసి, మూడున్నర ఖమ్మం బస్సులో కండక్టరుకు ఇవ్వాలి. అక్కడ బస్టాండులో మా పేపరు ఆఫీసు డెస్కు మనిషి వచ్చి తీసుకుంటాడు. అందువల్ల సాయంత్రం జరిగే సభలన్నీ మేం మధ్యాహ్నమే జరిపించేసేవాళ్ళం. జ్యోతి వెలిగించారు, వక్తలు ప్రసంగించారు, కార్యక్రమం ఘనంగా ముగిసింది. కుర్చీలు వేయకముందే ఇదంతా కవరులో ఖమ్మం చేరేది. ఏదైనా అటూ ఇటూ అయితే ఎనిమిది లోపు డెస్కుకు ఫోన్ చేసి మార్పించుకోవచ్చు. అలా చేసేవాళ్ళు తక్కువ. రాని ముఖ్య అతిథి చేత నేను ఒకసారి రెండు పేరాలు మాట్లాడించాను. ఆయన మనుషులే మర్నాడు ఆ కటింగు అడిగి తీసుకెళ్ళారు.

ఇక అసలు సంగతి. ఖమ్మంలో ఒక కాలేజీ వాళ్ళు తమ వేడుకల్లో పాడమని బ్యాండును పిలిచారు. చెల్లెలు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది. నర్సింగు కోర్సు అప్లికేషను నాయన అప్పటికే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫారం నింపమని ఆయన, ఖమ్మం పోయి పాడివస్తానని చెల్లెలు. పది రోజులు ఇంట్లో ఇదే రభస. చివరికి నాయన ఒక మెట్టు దిగాడు.

"ముందు మన ఊళ్ళ పాడు. నలుగురు ఏమంటరో చూద్దాం. బాగుందంటే ఖమ్మం పో, నేను అడ్డం రాను. లేదంటే మల్ల నోరెత్తొద్దు. ఫారం నింపు" అన్నాడు.

చెల్లెలు వెంటనే సరేనంది. నాయనకు నలుగురంటే ఎవరో నాకు తెలుసు. బాయి గేటు దగ్గర హోటల్లో కూర్చుని టెండరు నోటీసులతో సహా పేపరు పొల్లుపోకుండా చదివే మనిషి. ఆయనకు నలుగురంటే పేపరే.

ఊళ్ళో కమ్యూనిటీ హాలు మాట్లాడుకున్నారు. సాయంత్రం ఆరింటికి కార్యక్రమం. ఆ మధ్యాహ్నం భోజనం చేసి, కాగితాలు ముందేసుకుని నేను సమీక్ష రాశాను. రాయనక్కర్లేదు. కానీ ఆ నెలలో అప్పటికే రెండు వార్తలు తప్పిపోయి, ఇంకొకటి తప్పితే వేరే మనిషిని చూసుకుంటామని డెస్కు వాళ్ళు హెచ్చరించారు. ఆ మాట ఇంట్లో అందరి ముందూ చెప్పుకుని ఏడ్చాను కూడా. అయితే, రాయాలి కాబట్టి రాసినా, అలాగే రాయనక్కర్లేదు. కార్యక్రమం ఘనంగా ముగిసిందని నాలుగు ముక్కలు గీకితే సరిపోయేది. నేను తీరిగ్గా రాశాను. డ్రమ్ముల మోతలో గాయని గొంతు ఒక్క ముక్క వినబడలేదన్నాను. పాట అనే పేరుతో జనం చెవులను చిత్రహింస పెట్టారన్నాను. ప్రేక్షకులు సగంలోనే లేచి వెళ్ళిపోయారన్నాను. నా జన్మలో అంత హుషారుగా రాసిన వార్త ఇంకొకటి లేదు.

కవరు అంటించడానికి జిగురు సీసా తీస్తే ఎండిపోయి ఉంది. గుండుసూది గుచ్చాను. అప్పుడే చెల్లెలు హాలుకు బయల్దేరుతోంది. బస్టాండు దాని దారిలోనే.

"గీ కవరు ఖమ్మం బస్సుల కండక్టరుకిచ్చి పో" అన్నాను.

"ఏమున్నయ్ దీంట్ల?"

"వార్తలు."

అది తీసుకుని చున్నీ సర్దుకుని వెళ్ళిపోయింది. బద్ధకం కొద్దీ ఇచ్చానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. బద్ధకం కొంతే. దాని చేతనే పంపిస్తున్నానన్న రాక్షసానందం మిగతాది.

ఆరు దాటాక నేను హాలుకు వెళ్ళేసరికి వాన పట్టుకుంది. చేతిలో పల్లీల పొట్లంతో వెనక వరసలో కూర్చున్నాను. స్టేజి చూస్తే ఏదో తేడాగా ఉంది. డ్రమ్ సెట్టు మీద పువ్వుల దుప్పటి కప్పి ఉంది. డ్రమ్మరు కింద ముందు వరసలో, చేతులు తొడల మధ్య పెట్టుకుని, దెబ్బలు తిన్నవాడిలా కూర్చున్నాడు. గిటారిస్టు మైకు దగ్గరికి వచ్చి, "ఇయ్యాల డ్రమ్స్ లేవు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వీళ్ళలో వీళ్ళు కొట్టుకున్నారనుకున్నాను. నాకేం జాలి కలగలేదు.

జనం సినిమా పాట కావాలని కేకలు వేశారు. ఈలలు వేశారు. ఒకడు పేపరు ఉండచుట్టి స్టేజి మీదికి విసిరాడు. అంత చేసినా ఒక్కడూ లేచిపోలేదు. బయట వాన దంచుతోంది మరి, ఎక్కడికి పోతారు. డ్రమ్సు లేకపోవడంతో చెల్లెలి గొంతు వెనక గోడ దాకా వచ్చింది. ఆ పాటలు అప్పటికి వందసార్లు విన్నాను. మాటలు వినబడటం అదే మొదలు. ఒకటి షిఫ్టు సైరన్ మీద. సైరన్ మోగాక బాయిలోంచి మనిషి ఇల్లు చేరేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని కాసేపు ఉంటుంది, ఆ కాసేపటి మీద. అది మా ఇల్లే. అమ్మ పొయ్యి ముందు కూర్చుని చెంచా కూడా చప్పుడు చేయనివ్వని ఆ కాసేపు నాకూ తెలుసు. మూడు చరణాలు రాసిన నాకు ఆ ముక్క తట్టలేదు. బాగుందనిపించింది. బాగుందనిపించినందుకు ఇంకా మండింది.

పాడుతున్నంతసేపూ చెల్లెలు మాటిమాటికీ వెనక వరస వైపే, నా వైపే చూసింది. చూశావా ఎలా పాడుతున్నానో అని గొప్పలు పోతోందనుకున్నాను. పల్లీలు నములుతూ చివరిదాకా కదలకుండా కూర్చున్నాను.

ముగిసేసరికి ఏడున్నర. హాలుకు ఎదురుగా రోడ్డు అవతల ఎస్టీడీ బూతు. అద్దాల తలుపు, లోపల లైటు, క్యూ కూడా లేదు. నేను రాసింది ఏ ముక్కా జరగలేదని నాకు తెలుసు. ఫోన్ చేస్తే డెస్కు వాళ్ళు తిడతారు, సరే. తిట్లు నాకు కొత్త కాదు. ఆ బూతు వంక చూస్తూ నిలబడి మిగిలిన పల్లీలు తిని, పొట్లం పారేసి ఇంటికి వెళ్ళిపోయాను. వాన వల్ల కాదు. చేయాలనిపించలేదు.

ముందురోజు సెకండు షిఫ్టు కావడంతో నాయన కార్యక్రమానికి రాలేదు. పొద్దున్నే హోటలు నుంచి పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, అమ్మకు వినబడేటట్టు మొత్తం చదివాడు. చిత్రహింస అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ చదివాడు.

"అంత అబద్ధం నాయనా. డ్రమ్సే వాయించలె. ఎవ్వలనన్న అడుగు" అంది చెల్లెలు.

నాయన నా వంక తిరిగాడు. "డ్రమ్ములు కొట్టిండ్రా, లేదా?"

నిజం చెబితే చూడకుండా రాశానని ఒప్పుకోవాలి. అది నాయన ముందు, ఆయన పేపరు ముందు. పైగా చెల్లెలు నన్నే చూస్తోంది, రాత్రి చూసినట్టే. నాకు కిసుక్కుమన్న నవ్వు గుర్తొచ్చింది.

"కొట్టిండ్రు" అన్నాను.

నాయన పేపరు మడిచి చెల్లెలి ముందు పెట్టి, కోపం లేకుండా అన్నాడు. "బయటోడు రాస్తే కుళ్ళనుకుందును. సొంత అన్ననే గిట్ల రాసిండంటే, చూసినోళ్ళకు ఇంకెంత ఘోరంగ ఉన్నదో. నీ పరువుకని కొంత తగ్గించే రాసి ఉంటడు."

ఆ మధ్యాహ్నమే చెల్లెలు ఫారం నింపింది. హాల్లో ఉన్నవాళ్ళు వారం రోజులు నన్ను చూసి, లేని డ్రమ్ములు ఎట్లా వినబడ్డాయని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి నాయన దాకా వెళ్ళిందో లేదో తెలియదు. వెళ్ళినా ఆయన అచ్చుకే విలువ ఇచ్చి ఉంటాడు. పాడేవాళ్ళు లేక బ్యాండు చెదిరిపోయింది. డ్రమ్ సెట్టు చర్చికి మిగిలింది.

ఐదారేళ్ళ తరవాత వార్త పని మీద భద్రాచలం వెళ్ళాను. చెల్లెలు అక్కడ ఒక దవాఖానాలో నర్సు. అడవి పల్లెల నుంచి జ్వరాలతో వచ్చిన జనంతో వరండా నిండిపోయి ఉంది. వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుని అది చకచకా మాట్లాడేస్తోంది. మధ్యాహ్నం క్యాంటీనులో దాని టిఫిను డబ్బా తెరిచి సగం నాకు పెట్టింది. మాటల్లో మాటగా నేనే కదిపాను. క్షమించమని అడగడానికి కాదు, అంత మంచివాణ్ణి కాదు. ఎప్పటి నుంచో తొలుస్తున్న ఒక్క సంగతి తెలుసుకుందామని.

"ఆ రోజు డ్రమ్మరుకు మీకు లొల్లెందుకైంది?"

"లొల్లేం లేదు. నేనే వద్దన్న."

"ఎందుకు?"

"నీ కవరుకు గుండుసూదే గదా పెట్టినవ్. బస్టాండుల కూసోని చదివిన" అంది, చారు కలుపుకుంటూ.

"చదివి కూడ కండక్టరుకిచ్చినవా?"

"అవ్. ఇయ్యకపోతే నీ పని పోతదంటివి గదా." ఇంకో ముద్ద తిని, నా మీద కోపమేమీ లేనట్టే చెప్పింది. "డ్రమ్ముల మోత అని రాసినవ్. అవి లేకుంట పాడితే, నువ్వే చూసి ఫోన్ చేసి మార్పిస్తవనుకున్న. అందుకే వాని కాళ్ళు మొక్కి కింద కూసోబెట్టిన. పాడినంతసేపు నీ దిక్కే చూసిన, ఎప్పుడు లేస్తవా అని."

వరండాలోంచి ఎవరో పిలిచారు. అది డబ్బా మూత పెట్టి లేచింది.

"ఎదురుంగనే ఉండె గదా అన్నా, బూతు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.