లేకపోతే గారు

పథకాల వల్ల జనానికి నిజంగా ఒరిగిందేమిటో తేల్చడం ఆయన ఉద్యోగం. కుట్టుమిషన్లు వచ్చాక బతుకు బాగుపడిందని ఎవరైనా సంబరంగా చెబితే, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఈ పథకమే లేకపోతే ఏమయ్యేదంటారు?" అని మెల్లగా అడుగుతాడు. అందుకే ఆఫీసులో ఆయన ‘లేకపోతే గారు’. ఇంట్లోనూ అదే వరస. వ్యాయామం క్లాసుతో నడుంనొప్పి తగ్గిందని భార్య మురిసిపోతుంటే, "వెళ్లకపోయినా తగ్గేదేమో" అన్నాడు.

"అలాగా. మరి నేను లేకపోతే మీరేమయ్యేవారు?"

ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "చెప్పడం కష్టమే. పోల్చి చూడ్డానికి ఏమీ లేదు కదా."

ఆవిడ సంచి సర్దుకుని చెప్పులేసుకుంది. "అక్కయ్య ఇంట్లో నెల్లాళ్లుంటా. తీరిగ్గా పోల్చుకోండి."

ఆయన గబగబా వచ్చి సంచి అందుకున్నాడు. "వద్దులే. ఫలితం ముందే తెలిసిపోయిన సర్వే మేం చెయ్యం."

ఆవిడ చెప్పులైతే విప్పింది గానీ, సంచి మాత్రం సర్దింది సర్దినట్టే ఉంచింది.