నడవని బండి టైర్లు

పోయిన నెలలో ఒకరోజు పొద్దున, గోదావరిఖని చౌరస్తాకు కాస్త అవతల ఉన్న టైర్ల దుకాణంలో ఎప్పటిలాగే చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. పదవీ విరమణ చేసి పదేళ్లు దాటినా రబ్బరు వాసన తగలకపోతే నాకు పొద్దు గడవదు. పైగా ఆ దుకాణదారు ఒకప్పుడు నా చేతికింద పని నేర్చినవాడు కావడంతో నా కోసం ఒక స్టూలు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాడు. అంతలో ఒక నీలం రంగు కారు వచ్చి వాకిట్లో ఆగింది. రెండే తలుపులు, నేలను రాసుకుంటూ పోయేంత కిందికి ఉన్న ఒళ్లు, మన రోడ్ల మీది గుంతలను చూస్తే దానికే గుండె జారుతుందేమో అనిపించే వాలకం. దిగినవాడు నలభై దాటిన డాక్టరు. బండి కొని తొమ్మిదేళ్లయిందని, నెలకోసారి కూడా బయటికి తీయనని, టైర్ల గ్రిప్పు కొత్తవాటిలాగే ఉన్నా సర్వీసింగు వాళ్లు నాలుగూ మార్చమంటున్నారని చెప్పి, ఇది నిజమా లేక అమ్ముకునే ఎత్తా అని అడిగాడు.

దుకాణదారు నా వైపు చెయ్యి చూపించాడు. “పెద్దసారును అడుగుండ్రి. టైర్ల ముచ్చట్ల ఈయన మాటే మాట” అన్నాడు. వాడు మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం నోట్లో చాయ్ చేదైపోయింది, ఎందుకంటే సరిగ్గా ఆ మాటే పదమూడేళ్ల కిందట మా బావ కూడా అన్నాడు, అని, నా మాట నమ్మి పోయాడు.

బావ అంటే మా అక్క భర్త. భూగర్భ గనిలో సర్దారు. ఆ రోజుల్లో గనిలో దిగినవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు గానీ తక్కినవాళ్ల కోసం చెబుతాను: షిఫ్టు మొదలుకాగానే అందరికంటే ముందు లోపలికి పోయి, పైకప్పును కట్టెతో కొట్టి, ఆ చప్పుడు విని, మనుషులు ఆ కింద నిలబడవచ్చో లేదో తేల్చే పని సర్దారుది. గట్టి చప్పుడొస్తే పొమ్మంటాడు, డొల్ల చప్పుడొస్తే ఆగమంటాడు. ఆ ఒక్క మాట మీద ఇరవై ముప్పైమంది ప్రాణాలుంటాయి. ముప్పై మూడేళ్ల సర్వీసులో బావ ఒంటిమీద చిన్న గీత పడలేదు, ఆయన పొమ్మన్న చోట ఒక్క మనిషి నలగలేదు. అంతటి మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి ఆ ఎర్ర కారు.

హైదరాబాదులో ఎవరో నాలుగేళ్లు వాడి వదిలించుకుంటున్న స్పోర్ట్స్ కారును, ఇంకా ఉద్యోగంలో ఉండగానే, మా అక్క నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా కొనుక్కొచ్చాడు. వెనక సీటులో మనిషి కూర్చోలేడు, సంచి కూర్చోగలదు. రోజంతా చీకట్లో వంగి నడిచేవాడికి వెలుతుర్లో గాలిలా పోవాలని ఉండదా అని ఆయన వాదన. కానీ తీరా కొన్నాక దాన్ని నడపడానికి చేతులు రాలేదు. ఇంటి పక్కన షెడ్డు వేసి, గనిలో అరిగి పారేసిన కన్వేయర్ బెల్టు ముక్కలు పైన కప్పి, కారుకు గుడ్డ తొడిగి, పొద్దున్నే దాని మీద పడ్డ బొగ్గుదుమ్ము తుడవడమే ఒక డ్యూటీగా పెట్టుకున్నాడు. బొగ్గుబావుల ఊళ్లో దుమ్ము తుడవడమంటే గోదాట్లో నీళ్లు తోడడమేనని నేను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఆ కారు బయటికి వచ్చేది క్రిస్మస్ నాడు చర్చి దాకా, ఆపైన కాలనీలో పెళ్లిళ్లకు. ఏ కులం, ఏ మతం అని లేదు, బొగ్గుకార్మికుడి ఇంట్లో పెళ్లయితే కొత్త జంట ఎర్ర కారులోనే ఊరేగాలన్నది మా వాడలో ఒక ఆచారమైపోయింది. ముందు సీటులో పెళ్లికొడుకు, వాడి పక్కన ఇరుక్కుని పెళ్లికూతురు, స్టీరింగు దగ్గర తెల్లచొక్కా వేసుకున్న బావ, మనిషి నడకకంటే మెల్లగా సాగే బండి. పెళ్లిరోజున టైర్లు నల్లగా మెరవాలని కొబ్బరినూనె కూడా రాసేవాడు. నూనె రబ్బరును తింటుందని నాకు తెలుసు, అయినా ముచ్చట పడుతున్నాడులే అని నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇక నా సంగతి. నేను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో టైర్ల సెక్షన్ హెడ్ ఫిట్టర్ని. బొగ్గూ మట్టీ మోసే డంపరు టైరు పక్కన నిలబడితే నా తల దాని సగానికి కొంచెం పైకి వచ్చేది. మా దగ్గర టైరు వయసును గంటల్లోనే లెక్కగట్టేవాళ్లం. ఏ టైరు ఎన్ని గంటలు తిరిగింది, ఇంకా ఎన్ని గంటలు తిరుగుతుంది, అంతే. రాళ్లు కోసి, బరువు నలిపి, ఏడాదో ఏడాదిన్నరో తిరిగేసరికి ప్రతి టైరూ పని మీదే చచ్చేది; మా దగ్గర ఏ టైరూ ముసలిదై చావలేదు. అందుకే తిరగని టైరుకు వయసు పెరుగుతుందన్న ఆలోచనే నా బుర్రలో ఏనాడూ పుట్టలేదు. పైగా బొటనవేలితో నొక్కి టైరు జాతకం చెబుతానని నాకు పేరు, ఆ పేరంటే నాకు గీర.

అక్కకు లేకలేక పుట్టిన ఒక్కతే కూతురు పెళ్లి కుదిరింది, మే నెలలో. ఊరందరి బిడ్డల్నీ మోసిన కారులో తన బిడ్డను మోయడం కోసమే బావ అన్నేళ్లు బతికాడేమో అన్నట్టుగా ఉండేవాడు. పెళ్లికి పది రోజుల ముందు నన్ను పిలిపించాడు. టైర్లను సబ్బుతో కడిగితే, అంతకాలం బొగ్గుదుమ్ము నిండి కనబడకుండా ఉన్న సన్నటి పగుళ్లు పక్కల మీద తేలాయట. హైదరాబాదులో ఒక టైర్ల దుకాణానికి ఫోను చేస్తే, అయిదారేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలని, పదేళ్లు దాటితే నడిచినా నడవకపోయినా తీసేయాల్సిందేనని చెప్పారట. నేను మోకాళ్ల మీద కూర్చుని నాలుగూ నొక్కాను, గ్రిప్పులో వేలు పెట్టి చూశాను, సుత్తితో కొట్టాను. బావ నిలబడి ఆ చప్పుడును గనిలో విన్నట్టుగానే తల వంచి విన్నాడు.

“పని నడిచే జాగకు భయం లేదు బామ్మర్ది” అన్నాడు. “పని బంద్ వెట్టిన జాగనే నమ్మరాదు. చూస్తె మంచిగనే ఉంటది, లోపల్లోపల ఇడుస్తుంటది.”

అది ముప్పై మూడేళ్లు పైకప్పు కింద నేర్చుకున్న మాట. గని లోపల మనుషులు తిరిగే గల్లీకి రోజూ ఎవరో ఒకరు కట్టె తాకించి చూస్తారు. వదిలేసిన గల్లీలో పైకప్పును మోసే బొగ్గు దిమ్మ నిలబడే ఉంటుంది, లోపల పుచ్చిపోయి ఉంటుంది. ఆ ఒక్కమాటను నేను చెవిన పెట్టి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసే పనే ఉండేది కాదు. నేను నవ్వాను.

“నడిచిందేడ బావా ఇవి? నడవని టైరుకు ఏమైతది? ఇంకో అయిదేండ్లు ఫికర్ లేదు” అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, “నీ పనిల నీ మాటే మాట” అని గుడ్డ కప్పేశాడు. సర్దారు పొమ్మంటే కార్మికుడు మారు మాట్లాడకుండా పోతాడు. ఎవరి పనిలో వాళ్ల మాట వినే ఆ అలవాటు ఆయనలో ఎంతగా నాటుకుపోయిందంటే, తన పని చెప్పిన మాటను పక్కనపెట్టి నా పని చెప్పిన మాట విన్నాడు.

పెళ్లి ఇంకో వారం ఉందనగా శనివారం పొద్దున, షెడ్డులోనే పడి ఉంటే పెళ్లినాడు మొరాయించి పరువు తీస్తుందని, ఒకసారి మంచిర్యాల దాకా తిప్పుకు రమ్మని అక్క పోరింది. బావ పదింటికి బయలుదేరాడు. మన వైపు మే నెల ఎండ ఎలాంటిదో మీకు తెలుసు, డాంబరు చెప్పుకు అంటుకుంటుంది. అన్నేళ్లూ మనిషి నడకతో సాగిన బండిని ఆ రోజు మొదటిసారి, కొన్నందుకు ఒక్కసారైనా, గాలిలా తోలాడట. గోదావరి వంతెన దాటాక వెనక టైరు పేలింది. కారు మూడు పల్టీలు కొట్టి పొలంలో పడింది. కరీంనగర్ దవాఖానలో మూడు రోజులు కళ్లు తెరవకుండా ఉండి, నాలుగోనాడు పోయాడు. గని కూడా ముట్టుకోని మనిషిని నేను చంపుకున్నాను.

అది నాకు తెలిసింది దవాఖానలో కాదు. అంత్యక్రియలయ్యాక కారు కాగితాల కోసం పోలీసు స్టేషనుకు పోతే, అక్కడి ఆవరణలో బండిని చూడటానికి వచ్చిన బీమా మనిషి, నేనెవరో తెలియక, పేలిన టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. “పదకొండేండ్ల టైరు ఇది. ఎవడో తెలివిగల్లోడు ఇంక నడుస్తదన్నట్టుంది” అన్నాడు. ఆ అంకెలను నేను బతుకంతా కొన్ని వేల టైర్ల మీద చూశాను. మాకు అక్కరలేనివి కాబట్టి చదవలేదు. సర్వీసంతా టైర్లతో గడిపి నేను నేర్చింది సగమేనని ఆనాడు ఎండలో నిలబడి తెలుసుకున్నాను.

పెళ్లి ఆగి, నాలుగు నెలలకు, మేళం లేకుండా జరిగింది. మేనకోడలు జీపులో చర్చికి వెళ్లింది.

అక్క ఏమనుకుందంటే తానే ఆయన్ని పంపి చంపానని. వచ్చిపోయే ప్రతివాళ్లతోనూ అదే మాట, “నేనే తోలిన.” ఏటా బావ పోయిన రోజున సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ప్రార్థన అయ్యాక, ఎవరూ అడగకపోయినా అదే మాట. నేను పక్కనే నిలబడి భుజం పట్టుకునేవాణ్ణి, రాత ఎవరు తప్పిస్తారక్కా అని ఓదార్చేవాణ్ణి కూడా. ప్రతి ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థనను ఆమెకు రెండు బెంచీల వెనక నిలబడి అందరితోపాటు గట్టిగా చదివేవాణ్ణి. పదమూడేళ్లు. మొదటి ఏడాది చెప్పేద్దామనుకున్నాను, ఆమె తట్టుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైపోయింది. నిజానికి తట్టుకోలేనిది నేను.

ఆ రోజు దుకాణంలో డాక్టరు నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను కిందికి వంగి నాలుగంకెలు చదివాను, వంగితే లేవడం ఇప్పుడు కష్టం, దుకాణదారు చెయ్యి అందించాడు. నాలుగూ మార్చమన్నాను. గ్రిప్పు నిండుగా ఉంది కదా అని అతను మళ్లీ అంటుంటే, నడిచే టైరు అరిగి చస్తుందని, నడవనిది ఎండి చస్తుందని, రెండోదే మనిషిని తీసుకుని పోతుందని చెప్పాను. మా బావ కథంతా, నేనన్న మాటతో సహా, ఊరూ పేరూ తెలియని ఆ మనిషికి చెప్పేశాను. చెప్పాక, బయటివాడికి చెప్పగలిగిన మాటను తోడబుట్టినదానికి చెప్పలేకపోయానన్న సిగ్గుతో, అటు నుంచి అటే ఆటో ఎక్కి అక్క ఇంటికి పోయాను.

డెబ్బై మూడేళ్ల అక్క వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను నిలబడే చెప్పాను, పగుళ్ల నుంచి పోలీసు స్టేషను దాకా. ఆమె చేతులు ఆగలేదు. అంతా విన్నాక మాట్లాడింది.

“టైరు సంగతి నీకు ఎర్కలేదు. గది తప్పుగాదు తమ్మీ” అంది. “నేనేడుస్తున్నది నీకు ఎర్కనే గద.”

ఆమె గింజలు చేటలోకి దులిపి లోపలికి వెళ్లింది. ఆనాటి నుంచి నేను వెళ్తే చాయ్ ఇస్తుంది, మాట కలపదు.

మన తరం చూసిన గనులు ఒకటొకటే మూతపడ్డాయి, కింద కట్టెతో కొట్టి చప్పుడు విన్న చోట్లను ఇప్పుడు పైనుంచి తవ్వేస్తున్నారు, వాడలో పెళ్లిళ్లకు పూలు కట్టిన కార్లు ఎక్కడినుంచో అద్దెకు వస్తున్నాయి. అక్క ఇంటి పక్క షెడ్డు మీద బెల్టు ముక్కలు మాత్రం అట్లాగే ఉన్నాయి, కింద కట్టెలు పేర్చి ఉన్నాయి. ఈ నెలలో బావ పోయిన రోజు వచ్చింది. అందరం సమాధి దగ్గర చేరాం, మేనకోడలు కొవ్వొత్తి వెలిగించింది, పాస్టరుగారు ప్రార్థన ముగించారు. ఏటా విన్న “నేనే తోలిన” అన్న మాట కోసం నేను తల వంచుకుని ఎదురుచూశాను. అక్క అనలేదు. కొంగు సర్దుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని, నా పక్కనుంచే గేటు వైపు నడిచిపోయింది. ఇకనుంచి ఆ మాట అనుకోవలసింది నేనే.