అదిగోగారు

మా పెదనాన్నకి "అదిగో!" అనందే తెల్లవారేది కాదు. నిద్ర లేస్తూనే, ఇంకా కళ్లజోడైనా పెట్టుకోకముందే, వంటింటి కిటికీ తలుపులు బార్లా తెరిచి, చెయ్యి ముందుకి చాపి, గుండెల నిండా గాలి పీల్చుకుని "అదిగో!" అని ఒక్క కేక పెట్టేవారు. నిజానికి ఆ కిటికీకి ఎదురుగా ఉన్నది పక్కింటివాళ్లు బట్టలు ఆరేసుకునే తీగ. సముద్రం వాళ్ల మేడకి అవతల ఎక్కడో ఉంది.

"ఏదండీ?" అని అడిగేది మా పెద్దమ్మ, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే.

"ఏదీ లేదే. గొంతు సరిచూసుకుంటున్నాను."

"మీ గొంతుకేం, దివ్యంగా ఉంది. పక్కింటాయన గుండె ఎలా ఉందో కనుక్కోండి."

ఆ కేకతోనే మా వీధి లేచేది. రొట్టెల కొట్టు తలుపు తెరుచుకునేది. "అదిగోగారు అరిచేశారు, ఇంకా ఆ పడకేమిట్రా!" అని తల్లులు పిల్లల దుప్పట్లు లాగేవాళ్లు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పోస్టుమాన్ కూడా "అదిగోగారూ, పోస్ట్!" అనేవాడు.

మా రేవులో సముద్రపు పక్షుల్నీ డాల్ఫిన్లనీ చూపించే పడవ ఒకటుంది. జనాన్ని ఒడ్డు కనబడనంత దూరం తీసుకెళ్లి, తిప్పి తీసుకొస్తుంది. పడవ ముందు నిలబడి ఏది ఎక్కడుందో చూపించడం పెదనాన్న ఉద్యోగం. జెట్టీ పక్కనున్న టిక్కెట్ల గదిలో కిటికీ వెనక కూర్చోవడం నా ఉద్యోగం. ఊరిబడి చదువు తప్ప మరేమీ లేని నన్ను యజమానిగారి ముందు నిలబెట్టి, "మా అమ్మాయి. నవ్వుతూ మాట్లాడుతుంది, అంతకంటే మీకేం కావాలి?" అని అడిగింది ఆయనే. అందుకే రోజూ ఆ గది తాళం తీస్తూ దేవుడికి ఒక దణ్ణం, మనసులోనే పెదనాన్నకి ఇంకో దణ్ణం పెట్టుకునేదాన్ని.

చిక్కల్లా ఏమిటంటే, ఆయన "అదిగో!" అన్నచోట చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. పడవ దిగినవాళ్లు నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చేవాళ్లు.

"ఏమ్మా, ఆ పెద్దాయన చూపించిందేమిటి?"

"ఏమని చెప్పారండీ?"

"తెల్లపక్షి అన్నారు. మేం చూసేసరికి మునిగిపోయిందన్నారు."

"మాకు నల్లది అన్నారే!" అనేవాడు వెనకాయన. "మేం చూసేసరికి ఎగిరిపోయిందట."

"మాకైతే గుడ్లు పొదుగుతోంది అన్నారమ్మా."

"నీళ్ల మీదా?"

"అదే నేనూ అడిగాను. అడిగేసరికి ఇంకోవైపు 'అదిగో' అన్నారు."

అన్నిటికంటే ఎక్కువ పేరు పడ్డవి ఆయన బైనాక్యులర్స్. అవి ఎప్పుడూ మెడలోనే వేలాడేవి. వాటి అద్దాల మీది నల్లమూతలు మాత్రం ఊడగా చూసిన మనిషి లేడు.

"మూతలు తీసి చూడండి సార్, ఇంకా బాగా కనబడుతుంది," అన్నాడొకసారి ఒకాయన వెటకారంగా.

"దుమ్ము పడుతుందండీ."

"నడిసముద్రంలో దుమ్మా!"

"అదిగో!" అన్నారు పెదనాన్న.

ఇన్ని మాటలన్నా ఎవరూ ఎక్కువసేపు కోపంగా ఉండేవాళ్లు కాదు. పక్క పడవల్లో వెళ్లొచ్చినవాళ్లు వాడిపోయిన తోటకూర కాడల్లా ఒకరి మీద ఒకరు వాలిపోతూ దిగేవాళ్లు. మా పడవ వాళ్లు నిలువుగా దిగి, తిట్టవలసిన నాలుగూ తిట్టి, ఆకలేస్తోందంటూ వెళ్లిపోయేవాళ్లు. అది మా పడవ మీద దేవుడికున్న దయ అనుకునేదాన్ని.

మా యజమానిగారు మాత్రం తన పడవ ఎప్పుడూ ఎక్కలేదు. జెట్టీ మీద నిలబడి అది ఊగడం చూస్తేనే ఆయనకి కడుపులో తిప్పేది. వ్యాపారమంతా ఆఫీసు గదిలో, కదలని కుర్చీలో కూర్చునే నడిపేవారు. ఫిర్యాదులు ఎక్కువై ఒకనాడు పెదనాన్నని పిలిచారు. నేను పక్కనే ఉన్నాను.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. రికార్డు చేసిన గొంతు పెడదామనుకుంటున్నాను. ఏ పక్షి ఎలా ఉంటుందో చక్కగా చెప్తుంది. లేనిది ఉందనదు."

"దానికి కళ్లుంటాయాండీ?"

"మీ కళ్లకి మూతలున్నాయిగా!"

పెదనాన్న మెడలోని బైనాక్యులర్స్‌ని చేత్తో తడుముకున్నారు.

"రేపు నేనే పడవ ఎక్కుతాను," అన్నారు యజమానిగారు. ఆ మాటకే ఆయన మొహం కాస్త పాలిపోయింది. "లేనిచోట ఒక్క 'అదిగో' వినబడినా సరే, మీకదే ఆఖరి పడవ. ఏమ్మా, నువ్వూ రా. నేను పడిపోతే పట్టుకోవడానికి ఎవరైనా ఉండాలి."

ఆ సాయంత్రం నేను ఆయన్ని బతిమాలాను. "పెదనాన్నా, రేపొక్కరోజు నిజంగా కనబడితేనే అరవండి. పడవ లేకపోతే మీరేం చేస్తారు?"

"చూద్దాం తల్లీ."

"ఆ మూతల్లో ఒకటి ఆయన నోటికి సరిపోతుందేమో చూడవే," అంది పెద్దమ్మ. అందే కానీ, ఆరోజు ఆవిడ నవ్వలేదు.

మర్నాడు కిటికీ కేక వినబడలేదు. వీధి ఆలస్యంగా లేచింది.

సముద్రం ఆవేళ కాస్త ఎగిసిపడుతూనే ఉంది. యజమానిగారు మధ్య బల్ల మీద కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. నేను వెనకాల, పడవ నడిపే సరంగు పక్కన కూర్చున్నాను. అక్కడినుంచి అందరూ కనబడుతున్నారు. ముందు నిలబడ్డ పెదనాన్న మొహమూ కనబడుతోంది. అప్పుడు చూశాను, ఆయన సముద్రం వైపు చూడడమే లేదు. నీళ్లకి వీపు పెట్టి, బల్లల మీదున్న మా మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నారు. నోరు మాత్రం గట్టిగా బిగించుకున్నారు.

ముందు బల్ల మీద ఒక కొత్త అల్లుడు, పక్కన భార్య, ఎదురుగా మామగారు.

"నాకు సముద్రం కొత్తా మామగారూ? ఊయల లాంటిది," అని బయల్దేరినప్పటినుంచీ చెప్తున్నాడు అల్లుడు. రేవు దాటాక మాటలు తగ్గాయి. ఇంకాస్త దూరం పోయాక తల వంగింది. మొహం నిమ్మపండు రంగుకి తిరిగింది.

"ఏం బాబూ, ఎలా ఉంది ఊయల?" అన్నారు మామగారు తీయగా.

పెదనాన్న ఒకసారి యజమానిగారిని చూశారు. ఒకసారి అల్లుడిని చూశారు. పెద్ద నిట్టూర్పు విడిచి, "అదిగో!" అన్నారు.

యజమానిగారు తల తిప్పి చూశారు. ఎక్కడా ఏమీ లేదు.

"అదిగో, దూరంగా, నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద! అది పొడుగువాళ్లకే కనబడుతుంది. అల్లుడుగారూ, మీరు లేవండి. తలెత్తండి. గట్టిగా గాలి పీల్చుకోండి. చూపు ఆ గీత మీంచి తిప్పకండి, తిప్పితే పోతుంది!"

అల్లుడు లేచి, కమ్మీ పట్టుకుని, రెప్ప వేయకుండా చూశాడు. చూస్తూ ఉండగానే నిమ్మపండు రంగు పోయి మనిషి రంగు వచ్చింది.

"కనబడింది మామగారూ!" అని అరిచాడు ఉత్సాహంగా. "రెక్కలు తెల్లగా ఉన్నాయి!"

"తెల్లగానే ఉంటాయి," అన్నారు పెదనాన్న.

సరంగు నా వైపు వంగాడు. "చూశావా అమ్మా? తల దించుకుంటే కడుపులో తిప్పేస్తుంది. దూరాన కదలని గీత చూస్తే సర్దుకుంటుంది. ఆ మాట పైకి అంటే ఆ కుర్రాడి పరువు మామగారి నోట్లో పడుతుంది. అందుకని మీ పెదనాన్న పక్షిని చూపిస్తాడు."

ఎదుటివాడికి కూడా తెలియకుండా మేలు చెయ్యాలని మా ఊరిబడిలో చెప్పేవారు. అలాంటి మేలు ఇంత పెద్ద కేక పెట్టి కూడా చెయ్యవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

సరిగ్గా అప్పుడే యజమానిగారు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే పడవకి ఎడమపక్క, నల్లటి కొండ ఒకటి నీళ్లలోంచి మెల్లగా లేచింది. తిమింగలం! జనమంతా కేకలు వేస్తూ ఎడమపక్కకి విరగబడ్డారు.

"అదిగో!" అని అరిచారు పెదనాన్న, కుడిపక్కకి చెయ్యి చాపి. "ఓనరుగారూ, ఇటు! ఆ గీత మీద!"

"తిమింగలం అటు..." అంటూ యజమానిగారు తల వాల్చేయబోయారు.

"దాని సంగతి వాళ్లు చూసుకుంటారు. మీది ఇటుంది." పెదనాన్న ఒక్క అంగలో వచ్చి, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి తల ఎత్తి పట్టుకున్నారు. వెనకాల తిమింగలం ఊపిరి వదిలితే ఆ తుంపర వచ్చి పెదనాన్న వీపు తడిపింది. ఆయన వెనక్కి తిరగలేదు. అది మునిగిపోయింది.

కాసేపటికి యజమానిగారు తేరుకుని, ముందు కోపం తెచ్చుకున్నారు. "నా కళ్లెదుటే అబద్ధం! తిమింగలం అటుంటే నాకు ఉత్త నీళ్లు చూపిస్తారా?"

"ఓనరుగారూ," అన్నాడు సరంగు, "కడుపెలా ఉంది?"

యజమానిగారు పొట్ట తడుముకున్నారు. ఆశ్చర్యపోయారు. "బాగానే ఉందే!"

"జెట్టీ మీదే తిప్పే కడుపు కదండీ."

ఆయన బల్లలన్నీ కలయజూశారు. అందరూ నవ్వుతున్నారు, ఒక్కరికీ తల వాలలేదు. చాలాసేపు గీత వైపే చూస్తూ కూర్చుని, "ఇది బోర్డు మీద రాయిద్దాం," అన్నారు మెల్లగా. "మా పడవలో ఎవరికీ కడుపు తిప్పదు అని."

"వద్దండీ!" పెదనాన్న కంగారుపడ్డారు. "తెలిస్తే నేను 'అదిగో' అనగానే ఎవరూ గీత వైపు చూడరు. ఎవరి మొహం వాడిందా అని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. అబద్ధాలకోరు అన్న పేరు నాకు అలవాటైపోయింది, ఉండనివ్వండి."

"మరి ఆ రికార్డు గొంతో?" అన్నాను నేను, ఆగలేక.

"దానికి కళ్లు లేవుగా," అన్నారు యజమానిగారు, పెదనాన్న చెయ్యి పట్టుకుని.

ఇంటికి నడుస్తూ అడిగాను. "పెద్దమ్మకైనా చెప్పొచ్చు కదా పెదనాన్నా?"

"దానివల్లే నేర్చుకున్నానే. పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్కసారి పడవ ఎక్కింది పాపం. అందరూ నవ్వారు. వెళ్లిందీ వచ్చిందీ తల దించుకునే. సముద్రం చూడనేలేదు."

నడుస్తూనే బైనాక్యులర్స్ మూత తిప్పబోయారు. ఉప్పుగాలికి బిగుసుకుపోయి అది కదలలేదు.

"తిమింగలం ఎలా ఉందే?" అన్నారు ఉన్నట్టుండి.

"మీరెప్పుడూ చూడలేదా?"

"ఎక్కడ తల్లీ! అది లేచినప్పుడల్లా ఎవరిదో ఒక మొహం వాలిపోతూ ఉంటుంది." ఇటూ అటూ చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, గొంతు తగ్గించారు. "నాకో సాయం చేసి పెట్టవే. ఈసారి నువ్వు పడవలో ఉన్నప్పుడు అది వస్తే, నా కోసం ఒక్కసారి 'అదిగో' అను. నిజంగా ఉంటేనే సుమా. నాకు అబద్ధాలు గిట్టవు."