బుద్రప్ప ముక్కువంకర కోడి

నానిన చోడిపిండి, అదే రాగిపిండి, వాసన తగిలితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. ఈ ఉదయం పక్కింటివాళ్లు అంబలికి పిండి కలిపినట్టున్నారు. ఆ పులిసిన వాసన గోడ దాటి వచ్చేసరికి కూర తరగడం మాని అలా కూర్చుండిపోయాను. బుద్రప్ప గుర్తొచ్చింది. గుర్తొస్తే ఇక ఆ రోజుకి నేను ఎందుకూ పనికిరాను.

పంతొమ్మిది వందల ఇరవైలలో, పెళ్లయిన కొత్తలో, మా ఆయన మన్యం కొండల్లో ముంచింగిపుట్టు సంత దగ్గర ఉప్పూ పొగాకూ అమ్మే కొట్టు పెట్టి నన్ను కాపురానికి తీసుకెళ్లాడు. మైదానంలో పుట్టినదాన్ని. ఆ చలీ, ఆ జ్వరాలూ చూసి రోజూ ఏడ్చేదాన్ని. పక్క ఇల్లు బుద్రిది. కొండమనిషి, భర్త లేడు, పెళ్లీడుకొచ్చిన సుక్రి ఒక్కతే కూతురు. నాకంటే పెద్దది కాబట్టి అక్క వరసన అప్పా అని పిలిచేదాన్ని.

ఆమె దగ్గర ఒక ఎర్రపెట్ట ఉండేది. పై ముక్కు ఒకవైపుకీ, కింది ముక్కు ఇంకోవైపుకీ తిరిగిపోయి కత్తెరలా ఉండేది. నేలమీద గింజ ఏరుకోలేదు. మిగతా కోళ్లు దాన్ని పొడిచి తరిమేసేవి. బుద్రప్ప దాన్ని ఇంట్లోనే వేరే గంప కింద ఉంచి, చోడిపిండి నానబెట్టి, లోతైన ఎండు ఆనపకాయ బుర్రలో పోసి పెట్టేది. బుర్రలో తలంతా ముంచి ముక్కుతో తోడుకునేది ఆ కోడి. సగం తినేది, సగం బుద్రప్ప చీరకి పూసేది. ముక్కు కొన పెరిగితే ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని రాతితో మెల్లగా అరగదీసేది. ఈకలు దువ్వుకోలేని కోడికి పేలు పడతాయని బూడిద రాసేది. పొద్దుపోయాక మెడ కింద మేతసంచి తడిమి, నిండితేనే తను తినేది.

"ఇంత చాకిరీ ఎందుకప్పా? కూర వండుకోరాదూ?" అన్నానొకసారి.

"తిండి కాడ దానికి బేగి అవదు, అంతే. బేగి తినలేనోలందర్నీ వండుకు తినెత్తామేటి?" అని నవ్వింది.

ఆ ఏడు వానాకాలంలో కోళ్లకు తెగులొచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో కూడా కోడన్నది మిగల్లేదు. ఇంట్లో విడిగా పెరిగిన ఎర్రపెట్ట మాత్రం బతికింది. తెగులు తగ్గుతుండగా సుక్రికి జ్వరం పట్టుకుంది. మా కొట్లోని క్వినైన్ ఇస్తే కక్కేసింది. దిసారిని పిలిచారు. దిసారి అంటే వాళ్ల ఊరి పూజారి, మంచిచెడ్డలు చూసేవాడు. కోడిని రోగి తలచుట్టూ తిప్పి, నేలమీద బియ్యపు గింజలు చల్లి ముందు వదలాలి. గింజలు తింటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడు కోస్తారు, జ్వరం దిగుతుందని వాళ్ల నమ్మకం. కోయడానికి ఊళ్లో ఉన్నది ఆ ఒక్క కోడే. తింటే కోడి పోతుంది, తినకపోతే కూతురు పోతుంది.

బుద్రప్ప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బాగా ఆకలేస్తే తింటుందని ఆ పొద్దు దానికి మేత పెట్టలేదు. ఆనపబుర్ర చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఇందులో పొయ్యి తాతా, కుప్పగా పొయ్యి. ఇందులోవయితే తింతాది" అని దిసారిని బతిమాలింది.

"అమ్మోరికి నేలమీదే పెట్టాల. నానేటి సేత్తాను?" అన్నాడాయన. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి.

కోడిని వదిలారు. అది గింజల మీద పడింది. మెడ పక్కకి వాల్చి ముక్కుతో గీకింది. గింజ జారిపోయింది. మళ్లీ గీకింది, గింజలన్నీ చెదిరిపోయాయి.

"తోసేత్తంది. అమ్మోరు ఒద్దంటంది" అన్నారెవరో.

"తొయ్యట్లేదర్రా! తినడానికే సూత్తంది!" అని అరిచింది బుద్రప్ప. దిసారి కోడిని కోయకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆ వారం దాటకుండానే సుక్రి పోయింది.

కోడిని అడవిలో పారేయమంది ఊరు. పిల్లని సాగనంపి వచ్చిన సాయంత్రం నేను గంజి పట్టుకుని వెళ్లేసరికి బుద్రప్ప గడపలో కూర్చుని పిండి కలుపుతోంది. ఒళ్లో ఆ కోడి. నాకు ఒళ్లు మండింది.

"ఇంకా దీన్ని మేపుతున్నావా అప్పా?"

"పొద్దుట్నుంచి ఏటీ తిన్లేదమ్మీ" అంది, నా మొహం చూడకుండా. "ఆ దినం కూడా ఆకలితోనే ఉంది. ఎంత తిప్పలు పడిందో నాను సూసినాను."

ఆ తర్వాత ఆమెకూ జ్వరం వచ్చింది. ఎక్కువకాలం బతకలేదు. మేము కొండ దిగి వచ్చేశాం.

అదంతా జరిగి యాభై ఏళ్లయింది. రెండేళ్లుగా మా ఆయనకు పక్షవాతం. మూతి ఒకపక్కకి పోయింది, మాట లేదు. నిన్న మధ్యాహ్నం కోడలు గంజి పట్టిస్తుంటే సగం గడ్డం మీదుగా కారిపోయింది. "మామయ్యగారు ఉమ్మేస్తున్నారు అత్తయ్యా, వద్దంటున్నట్టున్నారు" అని గిన్నె పక్కన పెట్టేయబోయింది. ఆ పిల్ల చేతిలోంచి గిన్నె తీసుకుని ఆయన తల నా భుజానికి ఆనించుకున్నాను. గంజి అంతా అయ్యేసరికి పొద్దు వాలిపోయింది.