అక్క స్వరాలు రాసిన పాటల పుస్తకం

పాత సినిమాల అభిమానుల సంఘం వాళ్లు ప్రదర్శనకని పదిహేను రోజులకు తీసుకెళ్లిన నా పాటల పుస్తకాన్ని ఐదు నెలలైనా తిరిగివ్వలేదు. అడిగితే విసుక్కున్నారు.

ఒకప్పుడు సినిమా హాళ్ల గేటు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు నా దగ్గర మూడు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. అవన్నీ పోయినా తట్టుకుంటాను. ఈ ఒక్కటి వేరు. ఉయ్యూరులో మా అక్క చర్చిలో హార్మోనియం వాయించేది. పాస్టరు గారు ఊళ్లో లేని రోజున సినిమా పాటలూ పలికించేది. పుస్తకంలో పాటల మాటలే ఉంటాయి కదా, అక్క విని పట్టుకుని ప్రతి పంక్తి పైనా పెన్సిల్‌తో స్వరాలు రాసుకుంది. బడి ఎగ్గొట్టి చెరకు తోటల్లో తిరిగే నా చేత వాటి మీదే వేలు పెట్టించి చదివించింది. నాకు వచ్చిన మొదటి అక్షరాలు అ ఆలు కావు, స రి గ మలు. అక్క పోయింది. ఆమె చేతిరాత ఇంకెక్కడా లేదు.

బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆ సంఘం ఆఫీసుకు ఆరుసార్లు తిరిగాను. మూడోసారి వెళ్లినప్పుడు ఎవరిదో పాత పుస్తకాన్ని కుట్లు విప్పేసి, ఆకు ఆకూ లామినేషన్ చేసి గోడకు తగిలించారు. నాదీ ఇలాగే చేశారా అని అడిగాను. పాటల పుస్తకాల్లో కథను సగంలో ఆపి వేసే మాటనే కార్యదర్శి నాకు అప్పజెప్పాడు.

“ఏంటండీ బాబాయ్ గారూ అంత తొందర? మిగతాది వెండితెరపై చూడండి.”

పక్కనున్నవాళ్లు నవ్వారు. చిన్నప్పుడు సినిమా చూసే వీల్లేక, ఆ మాట దగ్గరే ఆగిపోయి, కథలో పిల్ల ఏమైపోయిందోనని హడలిపోయేవాణ్ణి. ఈ వయసులో మళ్లీ అదే భయం.

ఆ తర్వాత ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి రాలేదు. మోగకపోయినా గుబులే. పోనీ గుర్తున్నంత వరకు రాసి పెట్టుకుందామని కాగితం తీశాను. మొదటి పంక్తి స్వరాలు వచ్చాయి. రెండో పంక్తిలో గ దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత ఏముందో ఎంత తన్నుకున్నా తట్టలేదు. అసలు భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

చిరిగినా సరే, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయండని చివరికి ఉత్తరం రాశాను. నిన్న జవాబు వచ్చింది:

“పెద్దలకు నమస్కారం. మీరేమీ కంగారుపడకండి. మీ పుస్తకం క్షేమంగా ఉంది. లామినేషన్ కూడా చేయించలేదు. లోపల ఎవరో పిల్లలు పెన్సిల్‌తో అక్షరాలు దిద్దుకుని పాడుచేశారండి. మా వాళ్లు రెండు రోజులు కూర్చుని అవన్నీ రబ్బరుతో శుభ్రంగా చెరిపేశారు. ఇప్పుడు కొత్తదానిలా ఉంది. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి.”