జరగని ఎకరం

మండలాలు ఏర్పడిన మరుసటి ఏడాది, అంటే 1986 వేసవిలో, నేను మాచర్ల వైపు ఒక మండలాఫీసులో సర్వేయర్ని. అక్కడ నాకు కుర్చీ ఉండేది గాని బల్ల ఉండేది కాదు. బల్ల కోసం మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. సర్వేయరు పని ఆరుబయటే కదా, బల్లెందుకని వెనక నవ్వుకున్న వాళ్ళ పేర్లు కూడా నాకు గుర్తే.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ప్రతి పొలానికీ మా దగ్గర ఒక పటం ఉంటుంది. అది ఉండే పుస్తకాన్ని ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ అంటాం, పొట్టిగా ఎఫ్.ఎం.బి. ఏ హద్దురాయి నుంచి ఏ హద్దురాయికి ఎంత దూరమో అందులో రాసి ఉంటుంది. పాత పటాల్లో ఆ దూరం లింకుల్లో ఉంటుంది. మేము కొలిచే ఇనుప గొలుసు, గంటర్ చెయిను, అరవై ఆరు అడుగులు, అందులో వంద లింకులు. నేలమీద ఒక్క రాయి కచ్చితంగా దొరికితే మిగతా పొలమంతా లెక్కలోంచే వచ్చేస్తుంది. ఆ ఒక్క రాయీ తప్పయితే పొలమంతా తప్పే.

నేను చెప్పే పొలం దీనమ్మది. యాభై దాటిన మనిషి, భర్త లేడు. ఆమె మామకు ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన ఎకరం ఎనభై సెంట్లు తప్ప మరో ఆధారం లేదు. ఏటా కంది, మిరప వేసేది. ఆ పొలం పక్కనే కొత్తగా నాపరాయి క్వారీకి లీజు ఇచ్చారు. దీనమ్మ దున్నుతున్నది ఆమె పట్టా భూమి కాదనీ, ఆమె భూమి పడమటి గుట్టవాలులో ఉందనీ, ఆమె పొలం నిజానికి తన లీజులోదనీ లీజుదారు అర్జీ పెట్టాడు. అదే నిజమని నేను రాస్తే వానలు పడేలోగా ఆ పొలం గొయ్యి అవుతుంది.

ఉమ్మడి తనిఖీకి గనుల శాఖ జియాలజిస్టు వచ్చాడు. ఆయన వెంట ఆయన స్నేహితుడు, నరసరావుపేటలో చరిత్ర చెప్పే లెక్చరరు కూడా వచ్చాడు. ఆ చుట్టుపక్కల పాత కుండపెంకులు దొరుకుతున్నాయని విన్నాడట. జీపు ముందు సీట్లో వాళ్ళిద్దరూ కూర్చున్నారు. వెనక చెయిన్ల మూటమీద నేనూ, చెయిను లాగే చెయిన్‌మన్ ఖాసిమూ. దారిలో సోడాలు తాగారు, మమ్మల్ని అడగలేదు. దిగాక లెక్చరరు నా భుజం తట్టి, "మీరు కొలుస్తూ ఉండండి సర్వేయర్ గారూ, ఇది ఎలాంటి చోటో మేము చెబుతాం," అన్నాడు.

చెయిను విప్పించాను.

పొలానికి ఉత్తరాన నాపరాళ్ళు నిలువుగా పాతిన కంచె ఉంది. అందులో ఒక రాయి నెత్తిన ఉలితో కొట్టిన అడ్డం నిలువు గీతల గుర్తు కనిపించింది. సర్వే రాయికి ఉండే గుర్తు అదే. దానిమీద నుంచే కొలత మొదలుపెట్టాను. గంటన్నర ఎండలో కొలిచి చూస్తే లెక్క లీజుదారు చెప్పినట్టే వచ్చింది. దీనమ్మ పట్టా గుట్టవాలులోకి పోయింది. అక్కడ బెత్తెడు మట్టి కూడా లేదు.

దగ్గరుండి కొలత చూస్తున్న లీజుదారు దీనమ్మతో నెమ్మదిగానే మాట్లాడాడు. "నీ ఎకరం యాడికీ పోలేదమ్మా. నీ పట్టా నీకే ఉంటది. అటు జరుగుద్ది, అంతే."

"ఎకరం జరుగుద్దా?" అంది దీనమ్మ. "ఎద్దా అది, తోలితే జరగటానికి?"

జియాలజిస్టు ఆమెకు నచ్చచెప్పబోయాడు. "చూడమ్మా, ఇక్కణ్ణుంచి కృష్ణ దాకా కింద ఉన్నది ఒకటే రాతిపొర. కోట్ల ఏళ్ళ కిందట ఇదంతా సముద్రం అడుగు. ఇక్కడైనా అక్కడైనా నేల ఒకటే."

లెక్చరరు చేతిలో పెంకుముక్క తిప్పుతూ, "ఒకటెట్లా అవుతుంది? మనుషులు ఎక్కడ కాపురమున్నారో అదే చోటు. మిగతాది ఉత్త నేల," అన్నాడు.

వాళ్ళిద్దరూ వాదనలో పడ్డారు. దీనమ్మ వాళ్ళ వంక చూడలేదు. నా దగ్గరికొచ్చి కంచెలో రాయి చూపించింది.

"సారూ, నువ్వు కొలిచింది దీని కాణ్ణించేనా?"

"అవును. సర్వే గుర్తు ఉంది."

"అది మా మరిది కొట్టిన గుర్తు. క్వారీలో ఎవురి రాళ్ళు వాళ్ళకి తెలవాలిగా. ఒకడు సున్నా పెడతాడు, ఒకడు కాకికాలు పెడతాడు. మావోడిది ఇది. ఊళ్ళో సగం కంచెలకుంది. అన్నీ కొలుస్తావా?"

ఖాసిం తలవంచుకుని నవ్వు దాచుకున్నాడు. జియాలజిస్టు దాచుకోలేదు. పదహారేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక కూలిమనిషి నలుగురిలో నా తప్పు పట్టింది. నాకు మండింది. "అయితే అసలు రాయి నువ్వే చూపించు," అన్నాను, అది ఆమె వల్ల కాదన్న ధీమాతో.

"రాయి యాడుంది? చానా ఏళ్ళయింది పోయి. బట్టలుతుక్కోటానికి బాగుందని ఎవురో పీక్కుపోయారు," అంది. "రాయి పోతే పోయింది, బొగ్గులుంటాయిగా."

ఆ మాటకి నేను ఉలిక్కిపడ్డాను. పాతకాలం సర్వేయర్లలో కొందరు హద్దురాయి కింద గంపెడు బొగ్గులు పోయించేవారని శిక్షణలో చెప్పారు. బొగ్గు చివకదు, చెదలు పట్టవు. రాయి పోయినా కింద సాక్ష్యం మిగులుతుందని. పరీక్షలో రాశాను గాని, ఏనాడూ తవ్వి చూడలేదు.

"నీకెట్లా తెలుసు?"

"నేను కొత్తగా కాపరానికొచ్చిన ఏడు రాయి ఏశారు. బొగ్గులు కావాలంటే మా అత్త పొయ్యిలోయి ఎత్తి గంప నా నెత్తిన పెట్టింది."

"ఏ చోట పోశారో గుర్తుందా పిన్నమ్మా?" అని ఖాసిం అడిగాడు.

ఆమె పొలం మూలకి నడిచింది. నేల చూడలేదు. తలెత్తి నల్లమల వైపు చూస్తూ నడిచింది. నాలుగడుగులు ముందుకు, రెండు పక్కకు, మళ్ళీ ఒకటి వెనక్కి. ఆగింది. అక్కడ రాయిలేదు, గట్టులేదు, చెట్టులేదు. ఎండిన కంది మోళ్ళు తప్ప మరేమీ లేదు.

"ఇక్కడ."

"ఏం చూసి చెబుతున్నావు?"

"కలుపు తీసి నడుం నొస్తే ఈడే నిలబడేదాన్ని. అప్పుడు రాయుండేది, చెయ్యి ఆనిచ్చేదాన్ని. నువ్వు రా, నిలబడు."

వెళ్ళి ఆమె చూపించిన చోట నిలబడ్డాను. "అటు చూడు," అంది. దగ్గరి గుట్ట కొసమీద వెనక ఉన్న నల్లమల శిఖరం సరిగ్గా, మూత పెట్టినట్టు కూర్చుని ఉంది. "ఇప్పుడిటు." తూర్పున ఊళ్ళో చర్చి శిలువ, దాని వెనక దూరాన ఉన్న బోడికొండ చీలికలో నిలబడి ఉంది. నేను ఒక్క అడుగు పక్కకు వేశాను. శిఖరం గుట్ట మీంచి జారింది. వెనక్కి వేశాను. శిలువ చీలికలోంచి బయటికి వచ్చింది. మళ్ళీ మొదటి చోటికి వచ్చాను. రెండూ సర్దుకున్నాయి.

తెలిసిన గుర్తులను చూసి మనం నిలబడ్డ చోటును కనుక్కోవడాన్ని మా వృత్తిలో రిసెక్షన్ అంటారు. థియోడలైటు అనే కోణాలు కొలిచే యంత్రంతో, లాగరిథమ్ పట్టికలతో పూటంతా చేసే పని. ఆమె ముప్పై ఏళ్ళుగా నడుం నొప్పి తీర్చుకుంటూ చేసింది. మే నెల ఎండలో నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. ఖాసిం గునపం తెచ్చి, "జరగండి సార్, తవ్వాలి," అంటే గాని కదల్లేదు.

మూరెడు లోతున ఎర్రమట్టి. మరో జానెడు తవ్వాక మట్టి నల్లబడింది. ఆ తర్వాత బొగ్గులు. చేత్తో తీస్తే గలగలమంటూ వచ్చాయి.

లెక్చరరు గోతి పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. "ఇది ప్రాచీన కాలపు పొయ్యి కావచ్చు," అన్నాడు ఆశగా.

"మా అత్త పొయ్యయ్యా," అంది దీనమ్మ.

లీజుదారు మాత్రం వదల్లేదు. "బొగ్గు ఎవరైనా పోసుకోవచ్చు," అన్నాడు. నిజమే. అందుకని ఆ గోతి నడిమి నుంచి దక్షిణాన ఉన్న ఊరి పొలిమేర రాయికి చెయిను లాగించాను. ఆ రాయి విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఎఫ్.ఎం.బి.లో ఆ దూరం నాలుగువందల పన్నెండు లింకులు. ఖాసిం చెయిను చివర వంగి లింకులు లెక్కపెట్టాడు. దీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"నాలుగు వందల పదకొండు సార్."

ఒక్క లింకు తేడా. ఎనిమిది అంగుళాలు కూడా లేదు. నా గంటన్నర కొలత వందల అడుగులు తప్పింది.

దీనమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది. జియాలజిస్టు చాలాసేపు ఆ కొండల వంక చూసి, సంతకానికి కాగితం అడిగాడు.

ఆ నేల తన లీజులోదన్న లీజుదారు మాట అక్కడితో వీగిపోయింది. లీజు హద్దు దీనమ్మ చేను అంచున ఆగింది. ఆ వానలకి ఆమె మళ్ళీ కంది వేసింది.

నా రిపోర్టులో మూడు ఆధారాలు రాశాను: బొగ్గులు, చెయిను కొలత, పట్టాదారు నిలబడి చూపించిన చోటు. పై అధికారి మూడోదాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, "ఇది ఆధారం కాదు" అని రాశాడు. అది లేకపోతే మొదటి రెండూ ఎక్కడ దొరికేవని నేను తిరిగి రాశాను. సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. దానికీ జవాబు రాశాను. ఆ కాపీ ఇంకా నా దగ్గర ఉంది.

ఆ తర్వాత ఏ పొలానికి వెళ్ళినా ముందు చెయిను విప్పించలేదు. ఆ పొలంలో పనిచేసే వాళ్ళను పిలిచి, "నడుం నొస్తే మీరు యాడ నిలబడతారు?" అని అడిగాను. కొత్తగా చేరిన సర్వేయర్లు ఇది విని నవ్వేవారు. నేను వాదించేవాణ్ణి కాదు. వీలు చూసుకుని వాళ్ళను దీనమ్మ చేలోకి తీసుకుపోయి ఆ చోట నిలబెట్టి, కొండల వంక చూస్తూ ఒక్క అడుగు పక్కకి వెయ్యమనేవాణ్ణి.